చార్మినారు రూపాయి – ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్

నాణెం చేతికొస్తే మనం దాని విలువ చూస్తాము గాని దాని ముఖం చూడము. ఈ మధ్య విలువ చూసే పని కూడా తగ్గింది. ఫోన్ ఎత్తి చూపితే డబ్బు అటునుంచి ఇటు పోతున్నది. అయినా ప్రభుత్వంవారు స్మారక నాణేలు వేయటం మానలేదు. 2023 ఆగస్టు 28న నందమూరి తారక రామారావు గారి శతజయంతి సందర్భంగా వంద రూపాయల నాణేన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు విడుదల చేసినప్పుడు మా స్నేహితుల్లో పెద్ద వాదన నడిచింది. ముఖం పోలిక కుదిరిందని ఒకడు, కుదరలేదని ఒకడు. అసలు నాణెం మీద బొమ్మ బాగుందా లేదా అని దేన్నిబట్టి చెప్పాలి? సైన్సు విద్యార్థులం గనుక కొలత లేనిదే మనసు ఒప్పుకోదు. ఆ కొలత వెతుక్కుంటూ పోతే మన తెలంగాణలోనే అచ్చయిన ఒక నాణెం దగ్గర, దాన్ని వేయించిన ఒక మనిషి దగ్గర ఆగాను. ఆ మనిషి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. ఆ నాణెం చార్మినారు రూపాయి.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాదులో పుట్టాడు. తండ్రి అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో చనిపోయేటప్పటికి పిల్లవాడికి మూడేళ్ళు కూడా నిండలేదు. మన ఇళ్ళల్లో ఆ ఈడు పిల్లలు పసుపు కళ్ళంలో కొమ్ములతో ఆడుకుంటుంటారు. ఆయనను గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యం నడిపినవారు దివాను సాలార్ జంగు, అమీరు షమ్సుల్ ఉమ్రా. పైన కన్నేసి ఉంచినవాడు బ్రిటిషు రెసిడెంటు. పిల్లవాడికి ఉర్దూ, ఫార్సీ, అరబ్బీతోపాటు ఇంగ్లీషు చెప్పటానికి దొరలను పెట్టారు. పదేళ్ళ వయసులో, 1877 జనవరిలో, విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించిన ఢిల్లీ దర్బారుకు తీసుకుపోయారు. ఏనుగులు, అంబారీలు, ఫిరంగుల మోత నడుమ ఆ బాలుడికి ఏమి అర్థమయిందో గాని, చక్రవర్తి ఎవరో, తాను ఎవరో మాత్రం ఆ రోజు కూర్చోబెట్టిన చోటునుబట్టే తెలిసి ఉంటుంది.

ఇక్కడ సాలార్ జంగును గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆయన లేకపోతే మన నాణెం కథ లేదు. 1853లో ఇరవైనాలుగేళ్ళ వయసులో ఆయన దివాను అయ్యేనాటికి రాజ్యంలో ఎవరి టంకసాల వారిదే. నారాయణపేట రూపాయి ఒకటి, గద్వాల రూపాయి ఒకటి, ఇంకా ఎన్నో. ఒక్కొక్క దానిలో వెండి ఒక్కొక్క రకం. రైతు ఒక ఊళ్ళో పంట అమ్మి ఇంకో ఊళ్ళో శిస్తు కట్టాలంటే నడుమ సరాఫు ఉండాల్సిందే. సరాఫు రూపాయిని రాతి మీద మోగించి, తూచి, పెదవి విరిచి, వట్టం కోసుకుని మారకం ఇచ్చేవాడు. పంట పండించినవాడికి పంటలో నష్టం ఒకటి, నాణెంలో నష్టం ఇంకొకటి. సాలార్ జంగు జిల్లాల్లోని టంకసాలలు మూయించి నగరంలో ఒకే టంకసాల కిందికి వ్యవహారం తెచ్చాడు. ఆ రూపాయికే హాలి సిక్కా అని పేరు. హాలి అంటే ప్రస్తుతం చెల్లేది అని అర్థం.

1857 తిరుగుబాటు దాకా హైదరాబాదు నాణేల మీద ఢిల్లీ మొగలు బాదుషా పేరే ఉండేది. బహదూర్ షాను గద్దె దించి రంగూనుకు పంపిన తరువాత ఆ పేరు తీసివేసి, ఆసఫ్ జా అనే వంశం పేరు వేశారు. ఇంగ్లండు రాణి పేరు మాత్రం వేయలేదు. ఇది చిన్న సంగతి కాదు. బికనీరు, అల్వారు సంస్థానాల రూపాయల మీద విక్టోరియా తల కనిపిస్తుంది. హైదరాబాదు రూపాయి మీద ఏ రాణీ ఏ రాజూ ఎన్నడూ తల పెట్టలేదు.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగు కలరాతో ఒక్కరోజులో పోయాడు. మరుసటి ఏడు, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి రిప్పన్ స్వయంగా హైదరాబాదు వచ్చి పదిహేడు దాటిన మహబూబ్ అలీఖానుకు పూర్తి అధికారాలు అప్పగించాడు. అక్కడినుంచి ఇరవైఏడేళ్ళు ఆయన పాలన.

ఈ పాలనను గురించి రెండు రకాల మాటలు వింటాము. రెండూ నిజమే కావటం ఇందులో చిక్కు. ఒకటి, ఆయన ప్రజల మనిషి అని. పేరులోనే మహబూబ్, అంటే ప్రియమైనవాడు. పాము కరిస్తే ఆయన పేరు చెప్పి ఆన పెడితే విషం దిగుతుందని నగరంలో గట్టి నమ్మకం ఉండేది. అర్ధరాత్రి వేళ పాము కాటు పడ్డవాడిని తెచ్చినా తనను నిద్ర లేపవలసిందేనని ఆయన ఆజ్ఞ ఇచ్చి ఉంచాడని చెబుతారు. జీవశాస్త్రం చదువుకునే నేను దీన్ని నమ్మమని చెప్పను. మన దేశంలో పాములన్నీ విషమున్నవి కావు, విషమున్నది కరిచినా ప్రతిసారీ విషం దిగదు, మిగిలిందంతా ధైర్యం. కాని ఒక రాజును జనం ఎట్లా చూసుకున్నారో తెలుసుకోవటానికి ఆ నమ్మకం పనికొస్తుంది. జనం భయపడే రాజును అర్ధరాత్రి లేపాలని ఎవరూ అనుకోరు.

రెండోది, ఆయన విలాసం. కట్టిన బట్ట మళ్ళీ కట్టడని పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం చేయించిన రెండంతస్తుల చెక్క అలమర వరుస ఇప్పటికీ చూపిస్తారు. మన జూనియర్ కాలేజీ వరండా కన్నా పొడుగు. వేటలు, విందులు, ఫలక్‌నుమా మహలు. 1891లో జేకబ్ అనే వర్తకుడి దగ్గర ఒక పెద్ద వజ్రం బేరం చేసి, ధర దగ్గర తగాదా వచ్చి, ఆ గొడవ కలకత్తా హైకోర్టు దాకా పోయింది. నిజాము అంతటివాడు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. ఆ వజ్రం మీద ఆయనకు అప్పుడే మనసు విరిగిందంటారు. కొడుకు ఉస్మాన్ అలీఖానుకు అది తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడనీ కథ. 1995లో మిగతా నిజాం ఆభరణాలతోపాటు దాన్ని భారత ప్రభుత్వం కొన్నది. 184.75 క్యారట్లు. గ్రాములలోకి మారిస్తే 37 గ్రాములకు రవ్వంత తక్కువ, అంటే మూడు చార్మినారు రూపాయల బరువు కన్నా కొంచెం ఎక్కువ.

ఈ లెక్క ఊరకే వేయలేదు. ఆ వజ్రం చెప్పులో ఉన్నా, బల్ల మీద ఉన్నా, ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉన్నా, ఇందూరు జిల్లా రైతుకు ఒరిగిందేమీ లేదు. అదే మనిషి వేయించిన రూపాయి మాత్రం పల్లెపల్లెకూ చేతులు మారుతూ తిరిగింది. ఆయన చేయించిన అందమైన వస్తువుల్లో పేదవాడి చేతికి వచ్చింది అదొక్కటే.

ఆ రూపాయి పుట్టిన కాలం నిజానికి ఆయనకు మంచి కాలం కాదు. బీరారు మండలం 1853 నుండి ఇంగ్లీషువారి చేతిలో ఉన్నది. దాన్ని వెనక్కు తేవాలని సాలార్ జంగు బతికినన్నాళ్ళూ తండ్లాడి ఓడిపోయాడు. 1902లో వైస్రాయి కర్జను హైదరాబాదు వచ్చి, నిజామును ఏకాంతంగా కూర్చోబెట్టుకుని, ఏటా ఇరవైఐదు లక్షల కౌలుకు బీరారును శాశ్వతంగా రాయించుకున్నాడు. తరువాత నిజాముకు జి.సి.బి. అనే బిరుదు ఇచ్చారు. ఆ మూడక్షరాలకు కర్జనుకు బీరారు ఇచ్చినవాడని ఎకసక్కెంగా అర్థం చెప్పుకున్నారు. 1903 జనవరి ఒకటిన ఎడ్వర్డు రాజు పేర జరిగిన మరో ఢిల్లీ దర్బారులో కూడా ఆయన హాజరు వేయించుకోక తప్పలేదు. భూమి పోయింది, మాట పోయింది. ఖజానా కూడా అంతకుముందు నుండే దివాలా అంచున ఉన్నది. ఆర్థిక వ్యవహారాలు చక్కదిద్దటానికి కాసన్ వాకర్ అనే ఇంగ్లీషు అధికారి వచ్చి కూర్చున్నాడు. దివాను పదవిలో మహారాజా కిషన్ పర్షాద్ ఉన్నాడు. (ఈయన దారిన పోతూ జనం మీదికి చిల్లర విసురుతూ పోయేవాడట. నాణేల కథలో ఆయనకూ ఒక పాత్ర ఉన్నట్టే!)

యూరపు నుండి యంత్రాలు 1895లోనే వచ్చాయి. 1903లో టంకసాల సైఫాబాదులోని కొత్త చోటికి మారింది. హిజ్రీ 1321, అంటే 1903–04 నుండి, యంత్రం మీద అచ్చు పడిన కొత్త వెండి రూపాయి వచ్చింది. దానికి మహబూబియా సిక్కా అని పేరు.

పాత రూపాయి ఎట్లా ఉండేదో ముందు చెప్పాలి. వెండి బిళ్ళను అచ్చు మీద పెట్టి పైనుండి సుత్తితో కొట్టేవారు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. అందుచేత రాత మొత్తం ఏ ఒక్క నాణెం మీదా పడేది కాదు. ఒకదాని మీద తల తెగిన అక్షరాలు, ఇంకొకదాని మీద తోక తెగినవి. అంచు ఎగుడుదిగుడు, ఎవడైనా రవ్వంత వెండి గీకితే కనిపెట్టటం కష్టం. ఈ గీకుడు రోగం ఒక్క మనది కాదు. మనకు సూత్రాలు చెప్పిన న్యూటన్ మహాశయుడే 1696 నుండి లండన్ టంకసాలలో ఉద్యోగం చేస్తూ దొంగ నాణేలవాళ్ళ వెంట పడ్డాడు. అంచుకు గీట్లు పెట్టటం ఆ రోగానికి మందు. గీకితే గీటు పోతుంది, గీటు పోతే దొంగ దొరుకుతాడు.

కొత్త రూపాయి గుండ్రం, అంచుకు గీట్లు, రాత పూర్తి. ఒకవైపు నడుమ చార్మినారు, చుట్టూ ఫార్సీ లిపిలో నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా బిరుదు, హిజ్రీ సంవత్సరం. రెండోవైపు విలువ, పాలనా సంవత్సరం, హైదరాబాదు టంకసాల పేరు. అర్ధ రూపాయి, పావలా, రెండణాల బిళ్ళల మీద కూడా ఇదే బొమ్మ. రాగి పైల మీద చార్మినారు లేదు. తుఘ్రా అనే అల్లిక రాత ఉన్నది. చార్మినారు నడిమి కమానులో, గుమ్మంలో మనిషి నిలబడే చోట, ఒకే ఒక్క అక్షరం. మీమ్. మహబూబ్ పేరులో మొదటి అక్షరం. రాజు అంతటితో ఆగాడు.

అదే సమయంలో బ్రిటిషు ఇండియా రూపాయి మీద ఎడ్వర్డు రాజు తల నాణెమంతా నిండి ఉంటుంది. ఆ రూపాయిని మన దిక్కు కల్దారు అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రం మీద చేసినది కల్దారు. ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కల్దారు చెప్పేది ఒక్క మాట: ఈ దేశం ఫలానావాడిది. చార్మినారు రూపాయి ఆ మాటను గుమ్మంలో ఒక మూలకు సర్ది, ముందు ఊరు చూపిస్తుంది. ఇస్లాంలో రూపచిత్రాల పట్ల ఉన్న సంకోచం ఇందుకు ఒక కారణం అయి ఉండవచ్చు. కాని సంకోచం ఒక్కటే అయితే పాతకాలంలాగా ఒట్టి రాతతో సరిపెట్టవచ్చు. ఊరి కట్టడం ఎంచుకోవటం వేరే ఆలోచన. పైగా ఆ కట్టడం నిజాముల వంశానిది కూడా కాదు. 1591లో కులీ కుతుబ్ షా కట్టించింది. హిజ్రీ వెయ్యేళ్ళు నిండే కాలంలో లేచిన ఆ కట్టడమే ఒక స్మారకం అనవచ్చు. తమ చౌమహల్లా ఉండగా, ఇంకో వంశం కట్టించినదాన్ని తమ రూపాయి మీద పెట్టుకోవటం నాకు పెద్దమనసుగా కనిపిస్తుంది. రాజకీయం తెలిసినవారు దాన్ని తెలివి అంటారేమో. ఏదైనా కావచ్చు.

నాణెం బొమ్మను చూడటంలో నాకు తోచిన మొదటి కొలత ఇది: చదువు రానివాడికి అది చెప్పగలగాలి. ఆ రోజుల్లో నిజాము రాజ్యంలో చదవను రాయను వచ్చినవారు నూటికి ఐదుగురు కూడా లేరు. ఉన్న కొద్దిమందిలో ఫార్సీ లిపి అందరికీ రాదు. రాజ్యంలో దాదాపు సగంమంది మాట్లాడేది తెలుగు, తక్కినవారిలో మరాఠీ, కన్నడం మాట్లాడేవారు చాలామంది. అటువంటప్పుడు ఆర్మూరు అంగట్లో పసుపు అమ్మిన రైతు తన అరచేతిలో పడ్డది హాలియో కల్దారో ఎట్లా తెలుసుకుంటాడు? నాలుగు మీనార్లుంటే హాలి, మనిషి తల ఉంటే కల్దారు. అక్షరం ముక్క రాకున్నా మోసపోడు. ఆ తేడా ఉత్త బొమ్మ తేడా కాదు, డబ్బు తేడా. ఏడు హాలి రూపాయలకు ఆరు కల్దార్లు.

ఈ ఏడూ ఆరూ ఎక్కడినుండి వచ్చాయో మన ప్రాక్టికల్ రికార్డులో రాసే పద్ధతిన చూడవచ్చు. చార్మినారు రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్ళు వెండి. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దారు బరువు 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. అంటే 10.69 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.855. ఆరును ఏడుతో భాగిస్తే 0.857. బజారు మారకం, వెండి లెక్క వెంట్రుకవాసిలో కలుస్తున్నాయి. నాణెం మీద బొమ్మ చెప్పినదాన్ని లోపలి లోహం కాదనలేదన్నమాట. ఇది రెండో కొలత. పసుపు కొనేవాడు కొమ్ము పైమెరుగు చూసి ఊరుకోడు, విరిచి లోపలి రంగు చూస్తాడు. డ్రమ్ములో వేసి తిప్పితే ఏ కొమ్ముకైనా మెరుగు వస్తుంది.

మూడోది అరుగుదల. మా నాయనమ్మకు వాళ్ళ అమ్మ ఇచ్చిన రూపాయల దండలో చార్మినారు బిళ్ళలు మూడున్నాయి, రాజు బొమ్మ బిళ్ళలు రెండున్నాయి. కొక్కేలు అతికించి దారానికి గుచ్చినవి. ఎన్ని ఏళ్ళు మెడలో రాచుకున్నాయో, నాట్లకూ కోతలకూ ఎన్ని చెమటలు చూశాయో! రాజుగారి చెంప, చెవి, గడ్డం నున్నగా అరిగి ఒకటైపోయినాయి. ఇప్పుడాయన ఎవరైనా కావచ్చు. చార్మినార్ల మీద కొసలు, కమాను మీది చిన్న పని పోయినాయి గాని అది చార్మినారు అని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. కారణం ఆలోచిస్తే పెద్ద రహస్యం కాదు. ముఖం పోలిక ఉండేది ఎత్తుపల్లాల్లో, అవి మిల్లీమీటరులో పదో వంతులు. కట్టడం పోలిక ఉండేది గీతల్లో. ఎత్తు అరిగినా గీత నిలుస్తుంది. ఒక బిళ్ళలో గుమ్మంలోని మీమ్ ఇంకా కనబడుతున్నది. చుట్టూ ఎత్తుగా గోడలు ఉండటం వలన దానికి కొంత కాపుదల దొరికింది అనుకుంటాను.

ఇన్ని మెచ్చుకున్నాక ఒక లోపం కూడా చెప్పాలి. ఆ రూపాయి మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. మరాఠీ లేదు, కన్నడం లేదు. శిస్తు కట్టేవాడి భాషకు శిస్తు రూపాయి మీద చోటు లేకపోయింది. ఈ పని కొడుకు కాలంలో కొంత జరిగింది. 1918 చట్టంతో వచ్చిన హైదరాబాదు కాగితపు నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడాలలో విలువ వేశారు. నాణెం చిన్నది, చోటు చాలదు అని వాదించేవారు ఉంటారు. 2023 నాటి వంద రూపాయల నాణెం 44 మిల్లీమీటర్ల వెడల్పు. అంత చోటున్నా, తెలుగు ఆత్మగౌరవం పేరు మీద రాజకీయం నడిపిన రామారావు గారి పేరు దాని మీద ఉన్నది హిందీలో. కాబట్టి చోటు సంగతి కాదు.

ఆ నాణెం ముచ్చట వచ్చింది గనుక మా స్నేహితుల వాదనకు కూడా ఇక్కడే నా జవాబు చెప్పుకుంటాను. 35 గ్రాముల బరువు, సగం వెండి, తక్కింది రాగి, నికెల్, జింకు. చెలామణిలో తిరగటానికి వేసింది కాదు, పెట్టెలో పెట్టుకోవటానికి కొనుక్కునేది. అది అరగదు, చేతులు మారదు, దాన్ని చూసి ఎవడూ మోసపోకుండా బయటపడవలసిన పని లేదు. దానికి మిగిలిన పరీక్ష పోలిక ఒక్కటే. వెండితెర మీద లక్షలమంది కంఠతా పట్టిన ముఖం కాబట్టి ఆ పరీక్ష మరీ కఠినం. చెక్కినవాడి మీద నాకు జాలి ఉన్నది. కాని చార్మినారు రూపాయి రాసిన పరీక్ష వేరు, దాని ప్రశ్నపత్రం పెద్దది.

మళ్ళీ మహబూబ్ అలీఖాను దగ్గరికి వస్తాను. 1905లో ఆయన నలభయ్యో జన్మదినం పేర నగరంలో టౌన్ హాలు కట్టటం మొదలుపెట్టారు. 1913లో పూర్తయిన ఆ తెల్లని భవనమే తరువాత శాసనసభ అయింది. ఆయన చూడలేదు. నిజాము రాజ్యంలో రైళ్ళు ఆయన చిన్నతనం నుండే మొదలైనాయి గాని, మన ఇందూరు మీదుగా మన్మాడు పోయే మార్గం 1900 ప్రాంతాల పడింది. మన పసుపుకు బొంబాయి దగ్గరయింది.

1908 సెప్టెంబరు 28. మూసీ నది రాత్రికి రాత్రే నగరం మీద పడింది. వంతెనలు కొట్టుకుపోయాయి, వేలమంది చచ్చిపోయారు. అఫ్జల్‌గంజ్ దవాఖాన దగ్గరి చింతచెట్టు ఎక్కి సుమారు నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. నిజాము తన మహళ్ళ తలుపులు తెరిపించి నిరాశ్రయులను ఉంచాడు, వంటలు చేయించాడు, ఖజానా నుండి సొమ్ము ఇప్పించాడు. జ్యోతిష్కులు చెప్పగా హిందూ పద్ధతిలో మూసీ గంగకు హారతి ఇచ్చి పూజ చేశాడని చెప్పుకుంటారు. తరువాతి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరదలకు అడ్డుకట్ట వేసే ఆలోచన చేయించారు. గండిపేట చెరువు ఆ ఆలోచన ఫలమే. చెప్పులో దాచిన వజ్రం యజమానీ, మూసీ ఒడ్డున నిలబడ్డ మనిషీ ఒక్కడే అంటే కొందరు మిత్రులు ఒప్పుకోరు. ఒకటి ఎంచుకోమంటారు. నేను ఎంచుకోలేను. ఆయన హయాములో రైతు నెత్తిన జాగీర్దారు, దేశ్‌ముఖు భారం తగ్గలేదన్నది కూడా మరువరాదు. ఆ బరువు మా ముత్తాతల దాకా వచ్చింది.

1911 ఆగస్టు 29న, నలభైఐదేళ్ళ వయసులో, ఫలక్‌నుమాలో మహబూబ్ అలీఖాన్ కన్ను మూశాడు. మక్కా మసీదులో తండ్రితాతల వరుసలో సమాధి చేశారు. అక్కడినుండి తల తిప్పితే చార్మినారు కనిపిస్తుంది.

ఉస్మాన్ అలీఖాన్ రూపాయి బొమ్మ మార్చలేదు. గుమ్మంలో మీమ్ తీసి తన పేరులోని ఐన్ పెట్టించాడు. మా నాయనమ్మ దండలో తక్కిన రెండు బిళ్ళలు ఆ ఐన్ ఉన్నవే. 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగి హైదరాబాదు భారత దేశంలో కలిసింది. 1950లో టంకసాల కేంద్ర ప్రభుత్వం కిందికి పోయింది. ఆ ఏడాది నుండి భారత రూపాయి, హాలి రూపాయి పక్కపక్కనే చెల్లినాయి, అదే ఏడుకు ఆరు లెక్కన. 1959లో హాలి సిక్కా చెల్లటం ఆగిపోయింది. టంకసాల 1997లో చర్లపల్లికి మారింది. రామారావు గారి నాణెం అచ్చు పడింది హైదరాబాదు టంకసాలలోనే. సైఫాబాదు పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు.

ఆర్మూరులో ఇప్పుడు చార్మినారు రూపాయి తీసుకునేది కంసాలి ఒక్కడే. తూకం వేసి, కల్దారు కన్నా వెండి తక్కువని చెప్పి, ఆ మేరకు ధర తగ్గిస్తాడు. తరువాత తిప్పి చూసి, గుమ్మంలో ఏ అక్షరం ఉన్నదో అడుగుతాడు. మీమ్ ఉన్నవి తక్కువగా వస్తాయట. కరిగించకుండా పక్కన పెడతానన్నాడు.